ఆలివర్ నార్త్ సాక్ష్యం టేపుల రివ్యూ: కేసూ టీవీదే, కెరీరూ టీవీదే

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూకి నేను తీసుకున్నవి 1987 జులై నాటి టేపులు. ఇరాన్-కాంట్రా కుంభకోణం మీద అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణలో లెఫ్టినెంట్ కల్నల్ ఆలివర్ నార్త్ ఆరు రోజుల పాటు ఇచ్చిన సాక్ష్యం. సీ-స్పాన్ ఛానెల్ ఆర్కైవ్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

కథ తెలియనివాళ్లకి గబగబా చెప్పేస్తాను. నార్త్ మెరైన్ ఆఫీసర్. వియత్నాంలో ప్లటూన్ నడిపాడు, సిల్వర్ స్టార్ అనే శౌర్య పతకం తెచ్చుకున్నాడు. 1981లో వైట్‌హౌస్‌లోని జాతీయ భద్రతా మండలికి వచ్చాడు. అప్పట్లో లెబనాన్‌లో కొందరు అమెరికన్లు బందీలుగా ఉన్నారు. వాళ్లని విడిపించుకునే ఆశతో అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ఇరాన్‌కి రహస్యంగా మిసైళ్లు అమ్మింది. బయటికేమో, ఇరాన్‌కి ఎవరూ ఆయుధాలు ఇవ్వొద్దని ప్రపంచానికి చెబుతోంది! ఆ అమ్మకాల లాభంలో కొంత నికరాగువాలోని కాంట్రా తిరుగుబాటుదారులకు మళ్లించారు. వాళ్లకి సైనిక సాయం చేయకూడదని 1984లోనే కాంగ్రెస్ చట్టం చేసింది. ఈ రెండు వైపులా తాళ్లు లాగింది నార్త్. 1986 నవంబరులో ఒక లెబనాన్ పత్రిక గుట్టు బయటపెట్టింది. అదే నెల 25న నార్త్ ఉద్యోగం ఊడింది. అంత జరిగాక కూడా రీగన్ ఫోన్ చేసి 'నువ్వు జాతీయ హీరోవి' అన్నాడు.

ఇక టేపుల్లోకి వద్దాం. జులై 7, మొదటి రోజు. నార్త్ లోపలికి వచ్చి ప్రమాణం చేసే షాట్ ఒకటి చాలు. ఆకుపచ్చ మెరైన్ యూనిఫాం, ఛాతీ మీద వరసలు వరసలుగా రిబ్బన్లు, పైకెత్తిన కుడి చెయ్యి. వైట్‌హౌస్‌లో పనిచేసేటప్పుడు ఈయన మామూలుగా సూటులోనే ఉండేవాడు. ఇక్కడికి మాత్రం యూనిఫాం. మన సినిమాల్లో హీరో ఎలివేషన్‌కి ఎంత కష్టపడతారో తెలుసు కదా, ఇక్కడ అది ఫ్రీగా దొరికింది. పైన ఎత్తైన బల్లల వెనక వరసగా కూర్చున్న నాయకులు, కింద ఒంటరిగా ఒక సైనికుడు. మాట మొదలవకముందే సగం మంది జనం అటు మొగ్గిపోయి ఉంటారు.

అడిగినదానికి జవాబు చెప్పే తీరు చూడండి. కాంగ్రెస్‌కి అబద్ధం చెప్పావా అంటే, చెప్పానని నిక్షేపంగా ఒప్పుకుంటాడు. అబద్ధాలు ఒకవైపు, ప్రాణాలు ఒకవైపు పెట్టి తూచాల్సి వచ్చిందంటాడు. కాగితాలు చించావా అంటే, అవును, ముక్కలు చేసే యంత్రం అందుకే ఉంది కదా అన్న ధోరణి. న్యాయశాఖ మనుషులు తన ఆఫీసులో ఫైళ్లు చూస్తుంటే, తను అక్కడే కాగితాలు ముక్కలు చేశానని చెబుతాడు. వాళ్ల పని వాళ్లు, నా పని నేను అన్నట్టు! ఇది విని నవ్వు రావడం నార్త్ గెలుపు. తప్పు ఒప్పుకోలును గొప్పలా చెప్పడం అంత తేలికైన విద్య కాదు.

నాకు చిరాకు తెప్పించిన భాగం ఇంటి గేటుది. ఇంటికి గేటుతో సహా పెట్టించుకున్న సెక్యూరిటీ సిస్టం, దాదాపు 13,800 డాలర్లది, ఈ వ్యవహారంలోని భాగస్వామి డబ్బుతో వచ్చింది. తరవాత దాన్ని కప్పిపుచ్చడానికి పాత తేదీలు వేసి ఉత్తరాలు రాశాడు. దాని గురించి అడిగితే, ఉగ్రవాదుల నుంచి భార్యాపిల్లలకి ముప్పుందని గొంతు బరువెక్కించి చెబుతాడు. ముప్పు నిజమే కావచ్చు. దొంగ తేదీలు ఎందుకయ్యా అని మాత్రం చూసేవాడికి గుర్తు రాకుండా పోతుంది.

సహాయ నటుడి అవార్డు లాయర్ బ్రెండన్ సల్లివాన్‌కి. అభ్యంతరం ఉంటే సాక్షినే చెప్పుకోనివ్వమని విచారణ కమిటీ చైర్మన్ ఇనోయే అంటే, నేనేమీ కుండీలో మొక్కను కాదు, లాయర్‌ని అన్నాడు. నార్త్‌కి మద్దతుగా టెలిగ్రాములు కుప్పలుగా వచ్చిపడ్డాయి. టీషర్టులు, 'ఆలీ' (ఆలివర్‌కి ముద్దుపేరు) బొమ్మలు. పెద్ద నెట్‌వర్కులన్నీ లైవ్ ఇచ్చాయి.

ఈ టేపుల మీద నాకున్న అసలు మాట ఇది. నార్త్‌ని స్టార్‌ని చేసింది టీవీయే, శిక్ష నుంచి తప్పించిందీ టీవీయే. కాంగ్రెస్ సాక్ష్యం చెప్పించుకోవడం కోసం అతనికి రక్షణ ఇచ్చింది. చెప్పిన మాటల్ని కోర్టులో అతని మీద వాడకూడదు. స్వతంత్ర ప్రాసిక్యూటర్ లారెన్స్ వాల్ష్‌కి ఈ ప్రమాదం ముందే తెలుసు. తన దగ్గరున్న ఆధారాల్ని నార్త్ నోరు విప్పకముందే సీలు వేయించి కోర్టులో పెట్టాడు. ఆయన టీం ఆ రోజుల్లో టీవీ, పేపర్లు దూరం పెట్టింది. దేశమంతా చూస్తున్నదాన్ని కేసు నడిపేవాళ్లు చూడకుండా ఉండాలి, ఆ టెన్షన్ ఊహించండి. జ్యూరీకి కూడా సాక్ష్యం చూడనివాళ్లని ఏరుకోవాల్సి వచ్చింది.

1989 మేలో జ్యూరీ 12 ఆరోపణల్లో మూడింట్లో దోషి అంది. కాంగ్రెస్‌ని అడ్డుకోవడంలో సాయపడటం, పత్రాలు నాశనం చేయడం, ఆ గేటు కానుక. జడ్జి గెర్హార్డ్ గెసెల్ జైలు వేయలేదు. సస్పెండైన మూడేళ్ల శిక్ష, 1,50,000 డాలర్ల జరిమానా, 1,200 గంటల సమాజ సేవ. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు అదీ పక్కన పెట్టింది. ప్రాసిక్యూటర్లు చూడకపోతే సరిపోదు, కోర్టుకొచ్చిన సాక్షులు టీవీలో నార్త్‌ని చూసి ఉంటే వాళ్ల మాటల మీద దాని ప్రభావం లేదని తేల్చాలి అంది. 1991 సెప్టెంబరులో మాజీ బాస్ రాబర్ట్ మెక్‌ఫార్లేన్ ఆ ప్రసారం తన జ్ఞాపకాల్ని ప్రభావితం చేసిందని చెప్పాడు. కేసు కొట్టేశారు. ఆ మూడింట్లో నిర్దోషి అని ఎవరూ తేల్చలేదు, గమనించండి.

తరవాతి కెరీర్ సులువుగా అర్థమవుతుంది. 1994లో వర్జీనియా నుంచి సెనెట్‌కి నిలబడ్డాడు. సొంత రిపబ్లికన్ పార్టీ సెనేటర్ జాన్ వార్నరే మద్దతివ్వలేదు. తన భర్తకి అబద్ధాలు చెప్పాడని ఎన్నికల ముందు నాన్సీ రీగన్ బహిరంగంగా అన్నది. చక్ రాబ్ చేతిలో ఓడిపోయాడు. 1995 నుంచి రేడియో షో. ఎంఎస్‌ఎన్‌బీసీ ఛానెల్‌లో కొంతకాలం చర్చా కార్యక్రమం. 2001 నుంచి ఫాక్స్ న్యూస్‌లో 'వార్ స్టోరీస్'. మైకు ముందు ఇబ్బంది ఎందుకుంటుంది? ఆరు రోజులు దేశమంతా చూస్తుండగా ఆడిషన్ ఇచ్చినవాడు!

ఆ షో మీద ఒక మాట. పాత సైనికుల్ని కూర్చోబెట్టి మాట్లాడించే దగ్గర బాగుంటుంది, తనూ యుద్ధం చూసినవాడు కాబట్టి ఎదుటివాళ్లు విప్పి చెబుతారు. రాజకీయం దగ్గరకొచ్చేసరికి యాంకర్ ఎవరో మర్చిపోవద్దు.

2018లో తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏకి అధ్యక్షుడయ్యాడు, ఏడాది తిరక్కుండానే లోపలి గొడవల్లో బయటికొచ్చేశాడు.

టేపులకి నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. అర మార్కు ప్రశ్నలడిగిన నాయకుల ఉపన్యాసాలకి కోసేశాను, కొన్ని చోట్ల ఫార్వర్డ్ చేసేయండి. ఒక్కరోజే చూసే ఓపిక ఉంటే జులై 14ది చూడండి. చివర్లో చైర్మన్ డేనియల్ ఇనోయే మాట్లాడతాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి. సైనికుడు పాటించాల్సింది చట్టబద్ధమైన ఆజ్ఞల్నే అని గుర్తుచేస్తూ నాజీల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణల ప్రస్తావన తెస్తాడు. సల్లివాన్ మధ్యలోనే లేచి గొడవ చేస్తాడు. ఆ రెండు నిమిషాలూ వాల్యూం పెంచి చూడండి.