మూడో మెట్టు మీద మడుగు

అందరికీ నమస్కారం. మా ఇంటి ముందు మెట్లు మళ్లీ చూపించమని పిన్ని నాలుగు రోజులుగా అడుగుతోంది. నేను జారిపడ్డ చోటు పోయినసారి సరిగ్గా కనిపించలేదట! ఇదిగో పిన్నీ, మూడో మెట్టు. ఇది బాగు చేయకముందు తీసింది. వాన వెలిసి రెండు గంటలైనా మధ్యలో పళ్లెమంత మడుగు అలాగే ఉంది.

నీళ్లు ఎండకు ఆరిపోతాయి కదా అంటారు. మేముండే ఈ చలిదేశంలో చలికాలం ఆరవు, గడ్డకడతాయి. నీరు మంచుగా మారితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటులోకి ఇంకిన నీరు అలా ఉబ్బి, లోపలి నుంచే పగలగొడుతుంది. జారకుండా చల్లే ఉప్పు పైపొరను ఇంకాస్త త్వరగా లేపేస్తుంది. ఏటా గుంట పెద్దదవుతుంది.

బాగు చేయడానికి పనివాళ్లు చెప్పిన అంకెను రూపాయల్లోకి మార్చి చూశాను. ఆ సాయంత్రమే తాపీ కొన్నాను.

పోయినేడాది చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్తాను. గుంటలో సిమెంటు, ఇసుక కలిపి పూసి, అంచులను గోటి మందం దాకా నున్నగా లాగాను. చూడముచ్చటగా వచ్చింది. చలికాలం వెళ్లేసరికి పెచ్చులూడింది. వీడియో కాల్‌లో పెదనాన్నకు చూపించాను. నలభై ఏళ్లు తాపీ పని చేసిన మనిషి. గుంట సంగతి అడగనే లేదు. "వాటం చూశావా?" అన్నారు.

వాటం, అంటే నీరు జారిపోయే వాలు, చూడనే లేదు. రసమట్టం పెడితే అందులోని బుడగ ముందంచు వైపు పోయింది. అంటే అంచే ఎత్తు, నీరు గుమ్మం వైపు వెనక్కి వస్తోంది. 30 సెంటీమీటర్ల మెట్టుకు ముందుకు 3 నుంచి 6 మిల్లీమీటర్ల వాలు ఉంటే చాలు. మెట్లన్నీ కుంగి ఇంటివైపు ఒరిగితే మాత్రం పైపూతలు దండగ. నా అదృష్టం, తేడా ఒక్కదానిలోనే.

సుత్తితో తట్టి, డొల్లగా పలికిన చోటల్లా ఉలితో చెక్కేశాను. అంచులు పలచబడకుండా నిలువుగా కోశాను. దుమ్ము కడిగి, రాత్రంతా తడిపి, పొద్దున్నే పైన నిలిచిన నీళ్లు తుడిచాను. ఉబ్బిన ముందంచును అరగదీశాను. మెట్ల ఎత్తులు ఒక్కలా లేకపోతే కాలు తడబడుతుంది కాబట్టి కొలుచుకుంటూనే చేశాను.

గట్టిగా అతుక్కోడానికి పాలిమర్ కలిపిన మోర్టార్ (సిమెంటు, ఇసుక ముద్ద) బకెట్‌లో సిద్ధమయ్యాక, తాపీ ఎలా పట్టుకున్నానో చూపించమన్నారు పెదనాన్న. తన పాత తాపీ తెచ్చి చూపించారు. పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం పడింది. మాట మోకాళ్ల నొప్పుల మీదికి మళ్లింది. డాబా ఎక్కి చాలా రోజులైందట. నేను ఫోను పెట్టేయలేకపోయాను. ఈలోగా బకెట్ మొత్తం రాయి.

రెండోసారి కలిపాను. ముందు సిమెంటు పాలు కుంచెతో రుద్ది, అవి ఆరకముందే మోర్టార్ వేసి, వాటం ముందుకు తీశాను. కాలు జారకుండా చీపురుతో అడ్డంగా గీతలు లాగి, కాస్త గట్టిపడ్డాక తడి గోనె కప్పాను. గడ్డకట్టే చలి లేని వారం చూసుకునే మొదలుపెట్టాను లెండి.

వారం తర్వాత ఇదిగో. చెంబుడు నీళ్లు వెనక నుంచి పోశాను. గీతల మీదుగా ముందుకు వచ్చి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, కింది మెట్టు మీద పడ్డాయి. పెదనాన్న ఫోనులో కళ్లు దగ్గరపెట్టి చూశారు.

"ఎడమ మూల ఇంకో చెంబు పొయ్యి," అన్నారు.