సొంతంగా పుస్తకం వేసుకునే ముందు

అందరికీ నమస్కారమండీ.

రాయడం అయిపోయింది, ఇప్పుడు దీన్ని సొంతంగా వేసుకోమంటారా, లేకపోతే పబ్లిషర్లకి పంపించి ఎదురుచూడమంటారా అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఎక్కువవ్వడంలో ఆశ్చర్యం లేదు, వేసుకోవడం అంత సులువైపోయింది మరి. 2007లో కిండిల్, అంటే అమెజాన్‌వాళ్ళ ఈబుక్కులు చదివే పరికరం, వచ్చినప్పుడే, దాంతోపాటు రచయితలు తమ పుస్తకాన్ని తామే పెట్టుకునే వీలూ వచ్చింది. ఒక్కో కాపీ ఆర్డర్ వచ్చినప్పుడే అచ్చు వేసే పద్ధతి, అదే ప్రింట్ ఆన్ డిమాండ్, అదీ అందరికీ అందుబాటులోకొచ్చింది. ఇవాళ ఫైళ్ళు సిద్ధంగా ఉంటే ఒక సాయంత్రం కూర్చుని అప్‌లోడ్ చేసేస్తే రెండుమూడు రోజుల్లో ఎక్కడెక్కడివాళ్ళో కొనుక్కోవచ్చు.

సరిగ్గా ఈ సులువు దగ్గరే నాకు బెంగ. పబ్లిషర్ అంటే అచ్చు వేయించి షాపులకి పంపించే మనిషి అని మనం అనుకుంటాం. కానీ అంతకంటే ముందు ఆయన చేసే పని ఇంకోటుంది, మనతో చుట్టరికం, మొహమాటం ఏమీ లేకుండా మన రాతప్రతి చదివి "ఇది ఇంకా కాలేదండీ" అని చెప్పడం. సొంతంగా వేసుకున్నప్పుడు అచ్చుకి మనిషి దొరుకుతాడు, అట్టకి దొరుకుతాడు, అమ్మడానికి వెబ్‌సైట్ ఉంది, ఆ "ఇంకా కాలేదు" అనే మనిషి మాత్రం ఆటోమేటిగ్గా రాడు. ఆ మనిషిని మనమే వెతుక్కుని, డబ్బులిచ్చి మరీ తెచ్చుకోవాలి. తెచ్చుకోగలిగితే వేసుకోండి, ధైర్యంగా వేసుకోండి, తెచ్చుకునే ఓపిక లేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగండి అనే చెప్తాను నేను.

ఒక రాతప్రతి గురించి చెప్తా, పేర్లు వద్దు. చాలా ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ తన ఉద్యోగ జీవితం రాశారు. ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ అందరూ చదివి బ్రహ్మాండంగా ఉందన్నారు, ప్రేమున్నవాళ్ళు ఇంకేమంటారు, వాళ్ళకి ఆవిడ గొంతు వినిపిస్తుంది, రాతలో లోటున్నచోట ఆ గొంతే పూరించేస్తుంది. తర్వాత ఒక ఎడిటర్ చదివారు. మొదటి అరవై పేజీలూ బాల్యం, చదువు, బంధువులు, అదంతా దాటాక ఆవిడ మొదటి నైట్ డ్యూటీ వస్తుంది, వార్డులో లైట్లన్నీ ఆర్పేశాక టార్చిలైటు సెలైన్ బాటిల్ మీద వేసి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ, ఇంకో చేత్తో పేషెంట్ మణికట్టు పట్టుకుని ఉంటారు. ఎడిటర్ ఆ పేరా పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాశారు, "పుస్తకం ఇక్కణ్ణుంచి మొదలవుతోంది" అని. ఆవిడకి కోపం వచ్చింది, కొన్నాళ్ళు ఆ కట్ట ముట్టుకోలేదు కూడా. తర్వాత తనే కూర్చుని ఆ అరవై పేజీల్లోంచి ఓ పది పేజీలు ఏరి లోపల అక్కడక్కడా సర్ది, మిగతాది తీసేశారు. ఆ ఒక్క పెన్సిల్ గీత కోసం పెట్టే ఖర్చు అట్టకీ కాగితానికీ పెట్టే ఖర్చు కంటే నాకు ముఖ్యంగా కనపడుతుంది.

ఎడిటింగ్ అనగానే అక్షరదోషాలు దిద్దడం అనుకుంటారు చాలామంది, అది చివరి పని, ప్రూఫ్ చూడటం. దానికంటే ముందు వాక్యాలు సరిచెయ్యడం ఉంటుంది, దానికీ ముందు అసలు ఏది ఉండాలి, ఏది పోవాలి, ఏది ముందు రావాలి అని చూడటం ఉంటుంది. మూడూ వేరు వేరు పనులు, ఒకే మనిషి ఒకే చదువులో మూడూ చెయ్యలేరు, ఎవరైనా చేస్తామంటే అనుమానించండి. డబ్బులు తక్కువగా ఉంటే అట్ట మీద కాస్త తగ్గించుకోండి గానీ ఏది ఉండాలి, ఏది పోవాలి అని చూసే ఎడిటింగ్ మాత్రం మానకండి.

సరే, ఎవరు సొంతంగా వేసుకోవచ్చు? తన పాఠకులెవరో తనకి తెలిసినవాళ్ళు. ఒక చిన్న రంగం మీద రాసిన పుస్తకం, ఆ రంగంలో ఉన్న కొన్ని వందల మందికే పనికొచ్చేది, పెద్ద పబ్లిషర్‌కి అది లెక్కలోకి రాదు కానీ ఆ కొన్ని వందల మందిని రచయితకి చేరుకోవడం తెలుసు, అలాంటివి సొంతంగా వేసుకుంటేనే బావుంటాయి. ఎప్పుడో వచ్చి కాపీలు అయిపోయి, హక్కులు తిరిగి రచయితకి వచ్చేసిన పాత పుస్తకాలకి కూడా ఇది మంచి దారి. కుటుంబం కోసం, ఊరి చరిత్ర కోసం రాసుకున్నవి సరేసరి. కానీ పబ్లిషర్లు వద్దన్నారు కాబట్టి వేసుకుంటాను అనేదొక్కటే కారణమైతే అది చాలదు, ఎందుకు వద్దన్నారో ముందు కనుక్కోవాలి. ఇంకో సంగతి, ఒకసారి ఐఎస్‌బిఎన్, అంటే ఒక్కో పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబర్, వేసి అమ్మకానికి పెట్టిన పుస్తకాన్ని చాలామంది పబ్లిషర్లు మళ్ళీ కొత్త పుస్తకంగా తీసుకోరు. అది బాగా అమ్ముడుపోతే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు, అది వేరే విషయం, కానీ ముందు ఇక్కడ పెట్టి చూద్దాం, తర్వాత అక్కడికి పంపుదాం అనే ప్లాన్ చాలాసార్లు చెడుతుంది.

పిల్లల పుస్తకాలు రాసిన ఇంగ్లీషు రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ సంగతి ఈ సందర్భంలో చెప్పుకోవాలి. పీటర్ అనే కుందేలు కథని పబ్లిషర్లు తిరక్కొడితే ఆవిడ 1901లో తన సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకున్నారు. మరుసటి ఏడాదే, 1902లో, ఫ్రెడరిక్ వార్న్ అనే పబ్లిషింగ్ కంపెనీ దాన్ని రంగుల బొమ్మలతో వేసింది. ఇందులో నాకు నచ్చేది గెలుపు కాదు, సైజు. పుస్తకం చిన్నదిగా ఉండాలి, చిన్నపిల్లల చేతుల్లో పట్టాలి అని ఆవిడ పట్టుబట్టారు. ఎవరు చదువుతారు, ఎలా పట్టుకుని చదువుతారు అన్నంతవరకూ ఆవిడకి తెలుసు. 250 అనే అంకె కూడా చూడండి, వేలల్లోకి పోలేదు.

అంకె మాటొచ్చింది కాబట్టి ఎన్ని కాపీలు వెయ్యాలో చూద్దాం, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్రెస్సులో ప్లేట్లు చేసి ఒకేసారి అన్ని కాపీలూ అచ్చు వేసే పద్ధతిలో, మొదటి కాపీకే ఖర్చంతా, ప్లేట్లు చెయ్యాలి, మెషీన్ సెట్ చెయ్యాలి, ఆ తర్వాత కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. అందుకే ప్రెస్సువాళ్ళు "ఐదొందల బదులు వెయ్యి వేసుకోండి, పెద్ద తేడా ఉండదు" అంటారు, వాళ్ళ లెక్క తప్పు కాదు, కానీ ఆ మిగతా ఐదొందలు ఉండేది మన ఇంట్లో, మంచం కింద అట్టపెట్టెల్లో. డిజిటల్‌లో, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో మొదటి కాపీకి ఎంతో నూరో కాపీకీ అంతే, ఒక్కోటి ఖరీదెక్కువే గానీ పెట్టెలు ఉండవు. కొంటారని ముందే ఖాయంగా తెలిసిన కాపీల సంఖ్య వందల్లో ఉంటే తప్ప ఆఫ్‌సెట్ వైపు వెళ్ళకండి. వెళ్తే గనక పేజీలు ఫారాల లెక్కలో చూసుకోండి, ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చు వేసి మడతపెట్టే పేజీలు, ఫారానికి పదహారు పేజీలనుకుంటే 162 పేజీల పుస్తకానికి పదకొండు ఫారాలు కావాలి, అంటే 176, చివర పద్నాలుగు ఖాళీ పేజీలు మిగుల్తాయి, రెండు పేజీలు తగ్గించుకోగలిగితే ఒక ఫారం మొత్తం ఆదా.

స్పైన్ గురించి కూడా ఓ మాట, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందు చెప్పరు. షెల్ఫ్‌లో నిలబెట్టినప్పుడు పుస్తకంలో కనపడేది ఆ సన్నటి పట్టీ ఒక్కటే కదా. దాని మందం పేజీల్ని బట్టీ కాగితాన్ని బట్టీ మారుతుంది, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో వాడే మామూలు తెల్ల కాగితం మీద 300 పేజీలు దాదాపు 17 మిల్లీమీటర్లు వస్తే అదే క్రీమ్ కాగితం మీద 19 వస్తుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, అట్ట డిజైన్ అంతా అయిపోయాక కాగితం మార్చామనుకోండి, స్పైన్ మీద పేరు ఓ పక్కకి జరిగిపోయి అంచు మీదకెక్కుతుంది. అందుకని లోపలి పేజీలు పూర్తిగా ఖాయమయ్యేదాకా, ప్రూఫ్ కూడా అయిపోయేదాకా, అట్ట ఫైనల్ చెయ్యొద్దు. ఒక్క ప్రూఫ్ కాపీ తెప్పించుకుని, దాన్ని బల్ల మీద పెట్టి మధ్యలోకి తెరిచి చూడండి, లోపలి మార్జిన్ చాలకపోతే లైన్ల చివరి అక్షరాలు కుట్టులోకి మునిగిపోతాయి, స్క్రీన్ మీద పీడీఎఫ్‌లో ఇది అస్సలు తెలీదు. ఆ కాపీనే పైకి చదవండి, నోరు ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టండి.

డబ్బుల విషయం కొంచెం సూటిగానే చెప్తాను. పబ్లిషర్ వేస్తే రచయితకి మామూలుగా ధర మీద పది శాతం చుట్టుపక్కల వస్తుంది, ఖర్చు మాత్రం వాళ్ళది. కిండిల్ ఈబుక్ మనమే పెడితే, ధర వాళ్ళు చెప్పిన పరిధిలో ఉండి, మిగతా షరతులు కుదిరితే 70 శాతం, లేకపోతే 35 శాతం. 70 అనగానే కళ్ళు మెరుస్తాయి గానీ పబ్లిషర్ ఇచ్చే పది కంటే ఎక్కువొచ్చే ఆ అరవైకి బదులుగా ఎడిటింగ్, డిజైన్, ప్రచారం, ఉత్తరాలకి జవాబులు, అన్నీ మన నెత్తినే. కిండిల్‌లో సెలెక్ట్ అనే ప్రోగ్రాం టిక్కు పెడితే 90 రోజులపాటు ఆ ఈబుక్‌ని ఇంకెక్కడా పెట్టకూడదు, మన సొంత వెబ్‌సైట్‌లో కూడా. గడువు అయ్యాక మనం ఆపకపోతే అదే మళ్ళీ మొదలవుతుంది, ఆ టిక్కు చూసుకుని పెట్టండి.

ఇక ప్యాకేజీలమ్మేవాళ్ళు. "మీ పుస్తకం సెలెక్ట్ అయింది, మీరు ఇంత కడితే చాలు" అని ఫోన్ చేసేవాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడగండి, మీకు ఆదాయం పాఠకుల దగ్గర్నుంచి వస్తుందా, రచయితల దగ్గర్నుంచా అని. రచయితల దగ్గర్నుంచి వచ్చే కంపెనీకి పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే, మనం చెక్ ఇచ్చిన రోజే వాళ్ళ పనైపోయింది. అలాగని డబ్బులు తీసుకునేవాళ్ళందరూ మోసగాళ్ళని కాదు, ఎడిటర్ తీసుకుంటారు, డిజైనర్ తీసుకుంటారు, వాళ్ళు చేసిన పనికి తీసుకుంటారు, హక్కులు అడగరు. డబ్బూ తీసుకుని హక్కులూ అడిగితే అక్కడ ఆగిపోండి. సంతకం పెట్టే కాగితంలో అనువాదం, ఆడియోబుక్, సినిమా హక్కులు ఎవరివి, ఎన్నేళ్ళకి, బయటికి రావాలంటే ఎలా, ఇవి వెతకండి, దొరక్కపోతే అడగండి, అడిగితే విసుక్కుంటే వదిలేయండి. కాపీరైట్ అయితే మనం రాసిన క్షణం నుంచే మనది, దాన్ని ఇప్పిస్తామని ఎవరూ మనకి అమ్మక్కర్లేదు. కొన్ని దేశాల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటే కోర్టులో ఉపయోగపడుతుంది, అంతవరకే.

ఐఎస్‌బిఎన్ దగ్గర కూడా చిన్న మెలికుంది. 2007 నుంచి పదమూడు అంకెలుండే ఈ నంబర్‌లోనే ప్రచురణకర్త ఎవరన్నది కూడా ఇమిడి ఉంటుంది. పుస్తకం పెట్టే వెబ్‌సైట్‌వాళ్ళు ఉచితంగా ఇచ్చేది తీసుకుంటే రికార్డుల్లో ప్రచురణకర్తగా మన పేరు పడదు, ఆ నంబర్ పట్టుకుని ఇంకో చోట అచ్చు వేసుకోవడానికి కుదరదు. ఒక్క పుస్తకంతో ఆగే ఆలోచన ఉంటే ఫర్వాలేదు. ముందుముందు ఇంకా రాస్తాను, నా పేరు మీదే ఉండాలి అనుకుంటే మన దేశంలో ఐఎస్‌బిఎన్ ఇచ్చే సంస్థ దగ్గర మనమే తీసుకోవాలి, పేపర్‌బ్యాక్‌కి ఒకటి, గట్టి అట్టకి ఒకటి, ఈబుక్‌కి ఇంకోటి.

పుస్తకం వచ్చేశాక ఎవరో ఒకరు ఫోన్ చేసి నలభై రెండో పేజీలో ఫలానా తప్పుందండీ అంటారు, తప్పకుండా అంటారు. థాంక్స్ చెప్పి రాసుకోండి, పక్కనే ఓ నోట్‌బుక్ పెట్టుకోండి, కొన్ని పోగయ్యాక ఫైల్ సరిచేసి మళ్ళీ అప్‌లోడ్ చెయ్యండి. అక్షరదోషాలు దిద్దినంతవరకూ పాత ఐఎస్‌బిఎన్ సరిపోతుంది, కొత్త అధ్యాయం చేర్చినా, పుస్తకం గట్టిగా మార్చినా అది కొత్త ఎడిషన్ కిందికొస్తుంది, దానికి కొత్త నంబర్ తీసుకోవాలి, ఆ కొత్త అధ్యాయాన్ని మళ్ళీ ఆ ఎడిటర్‌కే చూపించాలి.

ఉంటానండీ, నమస్కారం.