దాతగారి బొమ్మ గీస్తే...

[దృశ్యం: తిరుపతి, గోవిందరాజస్వామి గుడి దగ్గరి వీధి. సత్రం గోడకు దాతల పేర్ల పలక.]

వాయిస్: తిరుపతిలో ఏ సత్రంలో అడుగుపెట్టినా ముందు పలకరించేది దాత పేరే. పాలరాయి మీద, బెంచీ మీద, ఆఖరికి ఫ్యాను రెక్క మీద కూడా. ఫ్యాను తిరిగినంతసేపూ పేరు కనపడదు. కరెంటు పోతే దాతగారి దర్శనం! ఇచ్చినవాళ్లకి దండం పెట్టాల్సిందే. ఆ డబ్బు ఎలా వచ్చిందో మాత్రం పలక చెప్పదు. అది చెప్పడానికి ఒకప్పుడు బొమ్మలేసే పత్రికలుండేవి.

[దృశ్యం: పాత రంగుల క్యారికేచర్లు, ఒకదాని తర్వాత ఒకటి.]

లండన్‌లో 1868లో మొదలైంది 'వానిటీ ఫెయిర్' అనే వారపత్రిక. మరుసటి ఏడాది నుంచి ప్రముఖుల రంగుల బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. రాతి అచ్చు పని అది, రంగు మారితే రాయి మారాలి. బొమ్మకి తోడు చిన్న పరిచయం, అందులో ఓ చురక. గీసేవాళ్లకి మారుపేర్లు. అందరికంటే పేరు మోసినవాడు 'స్పై', అసలు పేరు లెస్లీ వార్డ్. మనిషిని దూరం నుంచి గమనించి, నడకా నిలబడే తీరూ మనసులో పెట్టుకుని, తర్వాత గీసేవాడు.

తమాషా ఏంటంటే, రానురాను ఆ పత్రికలో బొమ్మ పడటమే గొప్ప అయిపోయింది. ఎక్కిరిస్తారన్న టెన్షన్ పోయి, మనల్ని ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూపు! స్పై చెయ్యి కూడా మెత్తబడింది. 1879లో బొంబాయి వ్యాపారి, దాత ఆల్బర్ట్ ససూన్‌ని వేసి 'భారతదేశపు రోత్‌షీల్డ్' అన్నారు. రోత్‌షీల్డ్ అంటే యూరప్‌లో పేరుమోసిన కోటీశ్వర బ్యాంకర్ల కుటుంబం. 1903లో ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ వంతు. బొమ్మ కింద రెండే మాటలు: 'ఉచిత గ్రంథాలయాలు'. నాకైతే అది వెటకారంలా లేదు, సన్మానపత్రంలా ఉంది.

[దృశ్యం: కార్నెగీ రెండు వేషాల కార్టూన్. నెమ్మదిగా దగ్గరికి.]

ఇదిగో, ఇది చూడండి. అమెరికాలో 'సాటర్‌డే గ్లోబ్' అనే పత్రిక, 1892 జూలై 9. కార్నెగీ ఒక్కడే, వేషాలు రెండు. ఒక వేషంలో లైబ్రరీ దానం చేస్తున్నాడు, రెండో వేషంలో కూలి తగ్గిస్తున్నాడు. గ్రంథాలయాలిచ్చి దాత అనిపించుకోవడానికే కూలి కోస్తున్నాడని కింద రాసిన మాటల సారం.

ఊరికే గీసింది కాదు. సరిగ్గా మూడు రోజుల ముందు, జూలై 6న, పెన్సిల్వేనియాలో కార్నెగీ కంపెనీదే అయిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం దగ్గర, కూలి కోత గొడవలో, కార్మికులకీ, కంపెనీ రప్పించిన పింకర్టన్ సాయుధ కాపలాదార్లకీ కాల్పులు జరిగాయి. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. కార్నెగీ అప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నాడు. ఫ్యాక్టరీ వ్యవహారం కంపెనీ నడిపే హెన్రీ ఫ్రిక్ చేతిలో.

కార్నెగీ డబ్బుతో ప్రపంచమంతా 2,500కు పైగా గ్రంథాలయాలు లేచాయి. వాటిలో చదువుకుని బాగుపడినవాళ్లెందరో, అదీ నిజమే. కార్టూనిస్టు దాన్ని కాదనలేదు, లైబ్రరీని చెరిపెయ్యలేదు. పక్కనే కూలి కోత కూడా గీశాడు, అంతే. మన దగ్గర దాతని గీయమంటే దండ వేసి మరీ గీస్తారు!

కార్నెగీ బొమ్మలు రెండూ, స్పై వేసిందీ గ్లోబ్ వేసిందీ, నెట్‌లో దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి చూసి, ఏది ఎక్కువ గుచ్చుకుందో కామెంట్‌లో రాయండి.