ఎన్నో అని అడగడం వచ్చినవాళ్లకి డచ్చి కష్టమా?

(ఉగాది సాయంత్రం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌ఫేన్‌లో కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు, పద్నాలుగు పేర్లున్నాయి. అందరికీ కలిపి ఒకటే దణ్ణం పెట్టేస్తున్నాను, ఏమీ అనుకోకండి. వెనకనుంచి పులిహోర వాసన నాకూ వస్తోంది.

మాది భీమిలి. చిన్నప్పుడు ఒలందావాళ్ల, అంటే డచ్చివాళ్ల, సమాధుల చుట్టూ దాగుడుమూతలు ఆడుకున్నదాన్ని. వాళ్ల దేశానికే వచ్చి ఇన్నేళ్లు ఉంటానని ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు శనివారాలు మనవాళ్లకి డచ్చి నేర్పుతున్నాను. "అక్కా, డచ్చిలో మొదటి, రెండో, మూడో ఎలా అంటారో పదిహేను నిమిషాల్లో చెప్పేయండి, సరదాగా ఉంటుంది" అన్నారు నిర్వాహకులు. సరే, మొదలుపెడదాం. ఏర్‌స్తె, ట్వేదె, డెర్దె...

డెర్దె అనగానే ఆగిపోతాను. ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. మా క్లాసు పిల్లలు అక్కడ నవ్వుతున్నారు, ఈ కథ వాళ్లకి కంఠతా వచ్చు. మిగతావాళ్లు వినండి.

2009 నవంబరు. మేం వచ్చి మూడు వారాలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్నాం. మా ఆయనకి ఆఫీసు, నాకు ఖాళీ. ఒకాయన ఫోన్లో అడ్రసు చెప్పాడు: డెర్దె ఊస్టర్‌పార్క్‌స్ట్రాట్, ఫలానా నంబరు. డచ్చివాళ్లు ప్రతి మాట ముందూ "దె" తగిలిస్తారని అప్పటికే గమనించాను. ఈ డెర్దె కూడా అలాంటిదే అనుకుని, దాన్ని వదిలేసి మిగతాది కాగితం మీద రాసుకున్నాను. వాన. గొడుగు గాలికి తిరగబడిపోయింది. ట్రామ్ దిగి, వీధి పేరు చూసి, ఆ నంబరు ఇంటికి వెళ్లి గంట కొట్టాను. ఒక మామ్మగారు తలుపు తీసింది. అద్దె ఇల్లు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, మూడు వేళ్లు చూపించి "డెర్దె! డెర్దె!" అంది.

మూడు వేళ్లు చూపిస్తే మనమేం అనుకుంటాం? చెప్పండి. అదే! మూడో అంతస్తు. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్ల మెట్లు మీకు తెలుసుగా, మెట్లు అనాలో నిచ్చెన అనాలో తెలీదు. ఆవిడ కిందనుంచి ఏదో అరుస్తోంది, నేను మర్యాదగా "థాంక్యూ, థాంక్యూ" అంటూ ఎక్కేస్తున్నాను. పైన ఒక కుర్రాడు తడి తలతో తలుపు తీశాడు. ఇంగ్లీషులో చెప్పాడు పాపం: ఈ పేరుతో మూడు వీధులున్నాయి. ఇది మొదటిది. మీరు వెళ్లాల్సింది మూడోది. కిందికొచ్చి వీధి బోర్డు మళ్లీ చూశాను. ఏర్‌స్తె అని ఉంది. వచ్చేటప్పుడు అది నా కంటికి ఆనలేదు.

మూడో వీధికి చేరేసరికి ఇల్లు ఇచ్చేశారు. నాకంటే ముందు ఇద్దరు చూసి వెళ్లారట, రెండో ఆవిడ అక్కడే ఖాయం చేసుకుందట. "మీరు డెర్దె" అన్నాడాయన. ఆ మాట అర్థం ఆ రోజుకి అప్పటికి తెలిసింది.

కాబట్టి ఇది సరదా పాఠం అంటే నేను ఒప్పుకోను. ఇక్కడ ఇంగ్లీషుతో బతికేయొచ్చు అంటారు. బతికేయొచ్చు, నిజమే. కానీ వీధులు, రౌండెబౌట్ దగ్గర ఎన్నో దారిలోకి తిరగాలో చెప్పే గొంతు, ఇవేవీ మీ కోసం ఇంగ్లీషులోకి మారవు.

సరే, పాఠం. నాతో పాటు అనండి. ఏర్‌స్తె, ట్వేదె, డెర్దె, ఫీర్దె, ఫైఫ్‌దె, జెస్దె, జేవెన్దె, అఖ్ట్‌స్తె, నేఖెన్దె, టీన్దె. గట్టిగా! వెనక వరసవాళ్ల గొంతు రావడం లేదు. "ఖ" అన్నప్పుడు గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అనండి, సిగ్గుపడొద్దు. చివర అచ్చు పలికీ పలకనట్టు ఉండాలి.

రెండు నుంచి పంతొమ్మిది దాకా అంకె చివర "దె" చేర్చడమే. ఒక్క ఎనిమిదికే "స్తె" వస్తుంది. ఇరవై నుంచి పైకి అన్నిటికీ "స్తె": ట్వింటఖ్‌స్తె, హోండర్ట్‌స్తె. నూట మూడోది అనాలంటే మాత్రం చివరి ముక్కనే చూడాలి, హోండర్డ్ డెర్దె. అంతే నియమం. రాసేటప్పుడు అంకె పక్కన ఇంగ్లీషు చిన్న "e" అక్షరం పెడితే చాలు. రెండుకి "ట్వేదె" సరేనా, మూడుకి డెర్దె, ఒకటికి ఏర్‌స్తె మాత్రం బట్టీ పట్టాల్సిందే. ఒకటిని "ఏన్" అంటారు కదా, మరి ఏన్‌దె ఎందుకు కాదు అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. మనం మాత్రం ఒకటో బహుమతి అంటామా? మొదటి బహుమతి అంటాం. మొదలులోంచి మొదటి వచ్చింది. వాళ్లకీ "ముందు" అనే మాటలోంచే ఏర్‌స్తె వచ్చింది.

ఇవాళ పాడ్యమి కదా. ఇంట్లో పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు నేను తిథులతో నేర్పుతాను. షష్ఠి, జెస్దె. సప్తమి, జేవెన్దె. అష్టమి, అఖ్ట్‌స్తె. నవమి, నేఖెన్దె. సంస్కృతమూ డచ్చీ దూరపు చుట్టాలే, అందుకే ముక్కుతీరు కలుస్తుంది. మా అత్తగారు డెబ్బై ఏళ్ల వయసులో ఒక్క సాయంత్రంలో పది వరకూ నేర్చేసుకున్నారు. ఏకాదశి దగ్గర ఆగి, "పదకొండుకి ఉపవాసం ఉందా వీళ్లకి?" అని అడిగారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన మాట. నేను మొదట చేరిన క్లాసులో పాఠమంతా ఇంగ్లీషులో చెప్పేవారు. ఒకరోజు "హూఫేల్‌స్తె" అనే మాట వచ్చింది. టీచరు దాన్ని ఇంగ్లీషులో వివరించడానికి బోర్డంతా నింపేశారు. వరసలో ఏ స్థానం అని అడగడం అన్నారు, బొమ్మలు గీశారు. ఎవరికీ ఎక్కలేదు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమంది. "ఎన్నో! ఎన్నో!" అని అరిచాను. అందరూ నావైపు చూశారు. ఆ గదిలో నాకు తప్ప తెలుగు ఇంకెవరికీ రాదు.

చిన్నప్పుడు ఇంగ్లీషు మాస్టార్ని ఏడిపించడానికి అడిగేవాళ్లం గుర్తుందా? రాముడు దశరథుడికి ఎన్నో కొడుకు, దీన్ని ఇంగ్లీషులో చెప్పండి సార్ అని. ఆయన తల గోక్కునేవారు. డచ్చి మాస్టార్ని అడిగి చూడండి, తడుముకోకుండా హూఫేల్‌స్తె అంటాడు. "ఇవాళ ఎన్నో తారీఖు?" దె హూఫేల్‌స్తె ఇస్ హెట్ ఫన్‌డాఖ్? మాటకి మాట. ఇంకోటి వినండి. మే నెల పేరు చెబితే మనం "మే ఐదు" అంటాం, చెప్పకపోతే "ఐదో తారీఖు" అంటాం. వాళ్లూ అంతే! నెలతో కలిపితే ఫైఫ్ మై, నెల లేకపోతే దె ఫైఫ్‌దె. మనవాళ్లు మాత్రం తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చి, అక్కడ "ఫిఫ్త్ ఆఫ్ మే" చేసి, దాన్ని డచ్చిలోకి ఈడ్చుకొస్తారు. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టి రావడం ఎందుకండీ? నా బాధ ఇదే. పదేళ్లుగా చెబుతున్నాను.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలు. రాజుగారి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1890లో మూడో విల్లెమ్ పోయాక ఈ దేశంలో 123 ఏళ్లు రాణులే ఉన్నారు. 2013లో ఇప్పటి రాజుగారు గద్దెనెక్కేముందు, నాలుగో విల్లెమ్ అని ఎందుకు పెట్టుకోవడం లేదని అడిగారు. ఆ పేరుతో ఉంటే పచ్చికబయలులో 38వ బెర్తా పక్కన నిలబడాల్సి వస్తుంది అన్నారాయన. ఇక్కడ రైతులు ఆవులకి అలా ఒకే పేరుకి అంకెలు తగిలిస్తారు. ఆయన విల్లెమ్-అలెగ్జాండర్ అయ్యాడు, అంకె గొడవ లేకుండా.

పార్లమెంటు సంగతీ చెప్పేదాన్ని. జనం నేరుగా ఎన్నుకునే 150 మంది సభని ట్వేదె కామర్ అంటారు, పెత్తనం ఎక్కువ దానిదే, పేరుకి మాత్రం రెండోది. కానీ వద్దు, గరిటె చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

భోజనాల లైను అక్కడ మొదలవుతుంది. ఒక్క షరతు. గరిటె పట్టుకుని నేనే నిలబడతాను. "హూఫేల్‌స్తె?" అని అడుగుతాను. లైనులో మీరు ఎన్నోవారో డచ్చిలో చెబితేనే పులిహోర పడుతుంది. పంతొమ్మిది దాటినవాళ్లు "స్తె" మర్చిపోకండి. ఎనిమిదో ఆయనా, మీరూ జాగ్రత్త.