హెన్సోల్ భూస్వామి, న్యాయమూర్తి డేవిడ్ జెంకిన్స్

సభకు నమస్కారం.

వేల్స్ దక్షిణాన ఉన్న గ్లమోర్గన్‌లో హెన్సోల్ ఎస్టేటుకు యజమాని అయిన డేవిడ్ జెంకిన్స్ 1582లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, 1609లో న్యాయవాది అయ్యారు. రాజుకు, పార్లమెంటుకు మధ్య ఇంగ్లండ్ అంతర్యుద్ధం సాగుతున్న 1643లో మొదటి చార్లెస్ రాజు ఆయనను కార్మార్దెన్, కార్డిగన్, పెంబ్రోక్ కౌంటీలకు గ్రేట్ సెషన్స్ అనే వేల్స్ ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తిగా నియమించాడు. వెల్ష్ తప్ప మరో భాష రాని జనానికి ఇంగ్లీషులో న్యాయం చెప్పిన కోర్టు అది. ఆ లోటును మనం మరవకూడదు.

రాజు మీద ఆయుధం పట్టినవారిని రాజద్రోహులుగా విచారించిన జెంకిన్స్, 1645 డిసెంబరులో హెరిఫర్డ్ పట్టణం పార్లమెంటు సేనల వశమైనప్పుడు పట్టుబడి, లండన్ టవర్‌లో ఖైదీ అయ్యారు. ఆయన అసలు జీవితం అక్కడే మొదలైందని నేను భావిస్తాను. రాజుపై యుద్ధం చేయడమే ద్రోహమని మూడో ఎడ్వర్డ్ కాలంలో, 1352లో చేసిన శాసనం స్పష్టంగా చెబుతుండగా, రాజు పక్షాన నిలిచినవాడు ద్రోహి ఎలా అవుతాడని, రాజు లేని పార్లమెంటుకు తనను విచారించే అధికారం ఎక్కడిదని ఆయన నిలదీశారు. 1647లో 'లెక్స్ టెర్రే' (లాటిన్‌లో 'దేశపు చట్టం') వంటి కరపత్రాల్లో ఈ వాదననే విస్తరించారు. 1648 ఫిబ్రవరిలో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ ముందు నిలబెట్టినప్పుడు మోకరిల్లడానికి నిరాకరించినందుకు 1,000 పౌన్ల జరిమానా విధించారు. ఉరి తీస్తే ఒక చంకన బైబిలు, మరో చంకన రాజు అధికారానికి హద్దులు గీసిన పాత హక్కుల పత్రం మాగ్నా కార్టా పెట్టుకుని వెళ్తానని ఆయన అన్నట్టు చెబుతారు.

తాతల నాటి హక్కును దస్తావేజు చూపి నిలుపుకునే భూస్వామి పట్టుదల ఈ వాదనలో నాకు కనిపిస్తుంది. అయితే రాజే చట్టాన్ని మీరితే ప్రజలకు దిక్కేమిటన్న ప్రశ్నకు ఆయన వద్ద తగిన సమాధానం లేదు. ఆ లోపాన్ని ఒప్పుకుంటూనే, ఆస్తి పోయినా, ప్రాణం పోయే స్థితి వచ్చినా మాట మార్చని ఆ ధైర్యానికి నేను మనసారా నమస్కరిస్తాను.

పదేళ్లకు పైబడిన నిర్బంధంలోనూ ఆయన న్యాయగ్రంథాలను వదలలేదు. 800 కేసుల సంగ్రహాన్ని సిద్ధం చేయగా, అది 1661లో వెలువడింది. 1663లో కౌబ్రిడ్జ్‌లో మరణించారు. హెన్సోల్ ఎస్టేటు ఆయన వంశపు ఆడపడుచు ద్వారా చార్లెస్ టాల్బట్ కుటుంబానికి చేరింది. టాల్బట్ కూడా న్యాయవాదే. 1733లో దేశపు అత్యున్నత న్యాయ పదవి అయిన లార్డ్ ఛాన్సలర్ పదవిని చేపట్టి, హెన్సోల్ పేరునే తన బిరుదులో ధరించారు.