కంపు కొట్టే నక్షత్రం పువ్వు: స్టపీలియా కొమ్మ నాటడం, పూయించడం

అందరికీ నమస్తే అండి. ముందు ఈ మొగ్గ చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను... ఆఁ, ఇప్పుడు కనిపిస్తోందా? గాలి ఊదిన బుడగలా ఉంది కదా. ఐదు పలకలు, పలకకీ పలకకీ మధ్య కుట్టు వేసినట్టు ఒక గీత. నిన్న సాయంత్రానికే నా పిడికిలి కంటే పెద్దదైంది. ఇవాళ విచ్చుకుంటుందని నా అంచనా. అందుకే టిఫిన్ కూడా తినకుండా మేడ మీదికి వచ్చేశాను. మనం మన పని చేసుకుంటూ ఉందాం. అది విచ్చుకుంటే మధ్యలో ఆపి చూపిస్తాను.

దీని పేరు స్టపీలియా జైగాంటియా. నర్సరీలో అడిగితే స్టార్ ఫిష్ కాక్టస్ అంటారు. కాక్టస్ కాదండి ఇది. ఇదిగో, చేత్తో పట్టుకున్నాను, ముల్లన్నదే లేదు. ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది. ఇది మన జిల్లేడు కుటుంబం. గన్నేరు కూడా అదే కుటుంబం. కాకపోతే జిల్లేడు తుంచితే పాలు కారతాయి, దీన్ని తుంచితే నీరే వస్తుంది. జెముడేమో, పాలు కంట్లో పడతాయేమో అని భయపడేవాళ్లకి నేను ఈ గుర్తే చెబుతాను.

దీని సొంతూరు ఆఫ్రికా. టాంజానియా నుంచి కింద దక్షిణాఫ్రికా దాకా, ఎండు నేలల్లో, పొదల కింద, రాళ్ల పక్కన పెరుగుతుంది. పొదల కింద అన్నాను, ఆ మాట గుర్తుంచుకోండి, ఎండ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది. పువ్వు 40 సెంటీమీటర్ల దాకా కూడా వెళ్తుందట. నేను పోయినేడు పిల్లల స్కేలు పెట్టి కొలిస్తే 27 వచ్చింది. అన్నం కంచం అంత అన్నమాట. లేత పసుపు మీద సన్నటి ఎర్ర గీతలు, పైన నూగు.

ఇక వాసన. దాచేదేం లేదు, కుళ్లిన మాంసం వాసన. ఎందుకంటే దీనికి తేనెటీగలతో పనిలేదు, ఈగలతో పని. రంగు మాంసంలా, నూగు జంతువు తోలులా, కంపు సరేసరి. ఈగ వచ్చి ఏదో చచ్చి పడి ఉందనుకుని నడిమధ్యలో గుడ్లు పెట్టేస్తుంది. ఈ ఫొటో పోయినేడు తీసింది. మధ్యలో గుంట దగ్గర తెల్లగా బొంబాయి రవ్వ పోసినట్టు ఉంది చూశారా? అవన్నీ ఈగ గుడ్లే. పురుగులు బయటికి వస్తాయి, తినడానికి అక్కడ ఏమీ ఉండదు, చచ్చిపోతాయి. ఈగ పువ్వంతా వెతుక్కుంటూ తిరిగిన పుణ్యానికి పువ్వు పని మాత్రం అయిపోతుంది. నాకైతే ఆ ఈగ మీదే జాలి.

మా అత్తయ్య గారు మొదటిసారి చూసి, "దేవుడికీ పనికిరాదు, జడలోకీ పనికిరాదు, దీనికి కుండీ ఎందుకే" అన్నారు. ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే కిటికీ కింద పెట్టకండి. మేడ మీద, ఓ మూల. పూసే రోజుల్లో గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకుంటాను నేను.

సరే, పని. కుండీ. లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. ఇది మట్టి మూకుడు, అడుగున డ్రిల్లుతో మూడు చిల్లులు పెట్టించాను. పెంకు ముక్క ఒకటి చిల్లు మీద. అంతే.

మట్టి. రెండు గుప్పెళ్ల ఇటుక ముక్కలు, శనగ గింజ సైజు. ఒక గుప్పెడు ఎర్రమట్టి, ఒక గుప్పెడు ముతక ఇసుక, అర గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు. కలిపేయండి. ఇలా. ఇటుక ముక్కలకి డబ్బులేం పెట్టలేదు, వీధి చివర ఇల్లు కడుతుంటే అడిగి తెచ్చాను. దుమ్ము మాత్రం జల్లెడ పట్టి పారేయండి, దుమ్ముంటే అది సిమెంటులా బిగుసుకుంటుంది. మాది నంద్యాల అండి, ఎక్కడ తవ్వినా నల్లరేగడే. పత్తికి బంగారం, దీనికి విషం. నీళ్లు పట్టుకుని వదలదు. చిటికెడు కూడా వేయకండి.

ఇప్పుడు కొమ్మ. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నా మొదటి మూడు కొమ్మలూ పోయింది ఇక్కడే.

నేనేం చేశానంటే, ఫ్రెండ్ ఇంటి నుంచి కొమ్మలు తెచ్చుకున్నాను. తెచ్చిన రోజే, గులాబీ కొమ్మ గుచ్చినట్టు, రెండంగుళాలు మట్టిలోకి గుచ్చేశాను. గుచ్చి, చెంబెడు నీళ్లు పోశాను. పాపం దాహంగా ఉంటుంది కదా అని. వారం దాకా పచ్చగానే ఉన్నాయి. నేను అందరికీ చెప్పుకున్నాను బతికాయని. పదో రోజు చెయ్యి తగిలితే ఒకటి పక్కకి ఒరిగింది. లాగితే ఊడి వచ్చింది. కింద నల్లగా, జారుగా, నలిపితే ముద్ద. మిగతా రెండూ అంతే.

కాబట్టి చూడండి, నెమ్మదిగా చేస్తున్నాను. ఒకటి, కత్తి. బ్లేడు అయినా సరే, స్పిరిట్‌తో తుడిచాను. రెండు, ఎక్కడ కోయాలి? కొమ్మ మధ్యలో కాదు. ఇదిగో, కొమ్మకి కొమ్మ అతుక్కున్న చోట సన్నగా నడుములా ఉంది చూడండి. అక్కడ. అక్కడ కోస్తే గాయం చిన్నది. ఇలా... వచ్చేసింది. గాయం మామిడి టెంక అంత ఉంటే మానడానికి ఎన్ని రోజులో, శనగ గింజంత ఉంటే ఎన్ని రోజులో మీరే ఆలోచించండి.

మూడు, ఇప్పుడు ఏమీ చేయకూడదు. నిజంగా ఏమీ చేయకూడదు. పేపరు మీద పడుకోబెట్టి, నీడలో, గాలి తగిలేచోట వదిలేయండి. వారం. వానాకాలమైతే పది రోజులు. ఇది ఇవాళ కోసింది, గాయం తడిగా, పచ్చగా మెరుస్తోంది. ఇది పోయిన వారం కోసింది. పక్కపక్కన పెడతాను. చూశారా తేడా? గోరుతో తడితే టక్ టక్‌మంటోంది, ఎండిన గంజి పొరలా ఉంది. ఇదీ నాటడానికి సిద్ధమైన కొమ్మ. కొంచెం ముడత పడింది, అవును. కంగారు పడకండి. ముడత పడిన కొమ్మ బతుకుతుంది, తడి గాయంతో గుచ్చిన కొమ్మ బతకదు. కొరియర్‌లో ఐదారు రోజులు తిరిగి వచ్చిన కొమ్మలే నా దగ్గర బాగా నాటుకున్నాయి, దారిలోనే ఎండి వచ్చాయి కాబట్టి.

నాలుగు, గుచ్చకండి. పడుకోబెట్టండి. మట్టి మీద ఇలా అడ్డంగా. గాయం దగ్గర మాత్రం మట్టిని కాస్త ఆనించి వదిలేయండి. వేరు గాయం నుంచే రావాలని లేదు, మట్టికి తగిలిన పక్క నుంచి కూడా వస్తుంది. కదలకుండా అటొక రాయి, ఇటొక రాయి. నీళ్లు? వద్దు. ఇవాళ వద్దు, రేపు వద్దు. నాలుగైదు రోజుల తర్వాత అంచుల వెంట కాస్త చిలకరించండి, చాలు. వేళ్లు పట్టాయా అని రోజూ పీకి చూడకండి, నేను పీకాను, అందుకే చెబుతున్నాను. వేలితో మెల్లగా కదిపితే కదలనంటుంది, అదే గుర్తు.

మధ్యలో ఒక మాట, లేబుల్. మార్కర్ పెన్నుతో రాయకండి, మా ఎండకి ఒక్క వేసవిలో మాయం. పెరుగు డబ్బా పట్టీలుగా కత్తిరించి, గరుకు కాగితంతో ఒకసారి రుద్ది, మామూలు పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ రాత పోదు. ఇది నాలుగేళ్ల నాటి పట్టీ, చదవండి, అక్షరం చెదరలేదు. పువ్వు లేనప్పుడు ఈ మొక్కలన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, పేరు పోతే మళ్లీ పూసేదాకా ఏదేదో తెలియదు.

ఎండ. పొదల కింద పెరుగుతుందన్నాను కదా. పొద్దుటి ఎండ ఇవ్వండి, పన్నెండు తర్వాత నీడ. ఏప్రిల్, మే నెలల్లో నేను గ్రీన్ నెట్ కడతాను. మరీ ఎండలో ఉంటే కొమ్మ ఎర్రబడుతుంది, చావదు కానీ బిగుసుకుపోతుంది. మరీ నీడలో ఉంటే పచ్చగా, సన్నగా సాగుతుంది, పూయదు. పూత ఎప్పుడూ కొత్త కొమ్మల మొదట్లో వస్తుంది, ఇదిగో ఈ మొగ్గ ఎక్కడ పుట్టిందో చూడండి. అందుకే రెండు మూడేళ్లకోసారి మధ్యలో ముసలి కొమ్మలు తీసేసి, చివరి కొమ్మలు మళ్లీ నాటుకుంటాను.

నీళ్లు. అగరుబత్తి పుల్ల, బత్తి అయిపోయాక మిగిలిన పుల్ల, కుండీ అడుగుదాకా దింపి తీయండి. మట్టి అంటుకోకుండా పొడిగా వస్తేనే నీళ్లు. నా దగ్గర మాయిశ్చర్ మీటర్ కూడా ఉంది, కొన్నాను, ఇటుక ముక్కల్లో అది చెప్పేదంతా తప్పే. పుల్లే నయం. చలికాలంలో మూడు వారాలకోసారి, అంతే.

జబ్బులు రెండే. పిండినల్లి, తెల్లగా దూదిలా. పాత టూత్ బ్రష్, స్పిరిట్, రుద్దేయండి. చీమలు బారు కట్టి తిరుగుతుంటే మాత్రం కుండీలోంచి తీసి వేళ్లు చూడండి, అక్కడ కూడా ఉంటుంది. రెండోది కుళ్లు. కొమ్మ మొదలు దగ్గర నలుపు కనిపిస్తే ఆలోచించకండి, పైకి కోయండి. కోసిన చోట చూడండి, గోధుమ రంగు చుక్క ఒక్కటి ఉన్నా ఇంకా పైకి. ఇలా... ఇంకా ఉంది... ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడు శుభ్రంగా పచ్చగా ఉంది. దీన్ని మళ్లీ పేపరు మీదికి, మళ్లీ వారం.

ఒకటి పూశాక ఆగరు మీరు, నాకు తెలుసు. రెండోదిగా దీని చుట్టం ఆర్బియా వేరిగేటా తీసుకోండి. అరచేతిలో సగం పువ్వు, పసుపు మీద ముదురు చుక్కలు, మధ్యలో ఉబ్బెత్తుగా గాజులాంటి రింగు. మూడోది హ్యూర్నియా జీబ్రైనా, ఇదిగో. చారలు చూడండి, మధ్యలో నూనె రాసినట్టు మెరిసే వలయం. చాలామంది ప్లాస్టిక్ పువ్వు అనుకుంటారు. కంపు కూడా దాదాపు లేదు, ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి ఇదే మంచిది. ఇంట్లోవాళ్లని ఒప్పించాలంటే స్టపీలియా ఫ్లేవోపర్పురియా వెతకండి, ఈ కంపు పూల మధ్య తీపి వాసన వచ్చే వింత పిల్ల అది.

ఇక ఈ కుండీ. ఇది కొన్నది కాదు. సన్నగా, నాలుగు పలకలుగా, నిలువుగా ఉంది కదా. మన రాయలసీమ రాళ్లగుట్టల మీద పెరిగేదే, కుందేటి కొమ్ములు అంటారు. లేని వస్తువుని కుందేటి కొమ్ము అంటాం కదా, మా గుట్ట మీద ఉంది మరి! పశువుల కాపరులు పచ్చిగానే నములుతారు, పచ్చడి కూడా చేస్తారు. సామర్లకోటలో ఉండి మన మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీని బొమ్మ వేయించి, స్టపీలియా అనే పేరుతోనే అచ్చు వేశాడు. పక్కనే తెలుగువాళ్లు దీన్ని 'కార్ అల్లం' అంటారని రాశాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని స్టపీలియా నుంచి విడదీసి వేరే పేరు పెట్టినప్పుడు, ఆ తెలుగు మాటే కారలుమా అయింది. ఆఫ్రికా మొక్క కోసం వెయ్యి రూపాయలు పెట్టేవాళ్లకి, ఈ పేరు మన ఊరి నుంచి వెళ్లిందని తెలియదు.

ఒకటే విన్నపం. గుట్ట మీద కనిపిస్తే వేళ్లతో పీకి బస్తాలో వేసుకోకండి. వేలెడు కొమ్మ ఒకటి, నడుము దగ్గర, చాలు. మిగతా పద్ధతి ఇప్పుడే చూశారు.

విత్తనం గురించి అడుగుతుంటారు. కాయలు జంటగా, కొమ్ముల్లా నిలబడతాయి, కుందేటి కొమ్ములు అన్న పేరు వీటిని చూసే పెట్టారేమో అనిపిస్తుంది నాకు. పండటానికి నెలలు పడుతుంది. పగిలితే జిల్లేడు కాయలాగే దూది ఎగిరిపోతుంది, అందుకే దోమతెర ముక్క కట్టి ఉంచుతాను. తాజా విత్తనమైతే వారంలోపే మొలుస్తుంది. కానీ నాలుగు రకాలు పక్కపక్కన ఉంటే ఈగ ఎవరి పుప్పొడి ఎవరికి అంటించిందో దేవుడికే తెలియాలి. అలాంటి విత్తనాన్ని పేరు పెట్టి ఎవరికీ ఇవ్వకండి. అదే రకం కావాలంటే కొమ్మే.

సరే, ఈ మూకుడు తీసుకెళ్లి నీడలో... ఆగండి, ఆగండి. కెమెరా ఇటు తిప్పుతాను. కుట్టు విడిందండి! ఇందాక మూసి ఉంది కదా, ఇదిగో, ఒక పక్క వేలు దూరేంత సందు. లోపల ఎర్ర గీతలు కనిపిస్తున్నాయి. వాసన... ఇంకా నాకైతే రావడం లేదు. అంచు మీద నల్లగా ఏదో... జూమ్ చేస్తాను... ఈగ. నాకంటే ముందే వచ్చేసింది.