దమ్ము, ఆయాసం, శ్వాస: కొత్త నర్సులతో ఒక మాట

(హైదరాబాద్‌లో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుల ఓరియెంటేషన్‌లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేపు వార్డులో అడుగు పెట్టగానే "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని ఎవరో కేకేస్తారు. ఏ సిస్టర్‌నా అని వెనక్కి తిరిగి చూస్తారు. మిమ్మల్నే! మగపిల్లలైతే "బ్రదర్". నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో, మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమానో చదివొచ్చినా ఆ క్షణంలో కాళ్లు వణుకుతాయి. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1974లోనే దీన్ని 'రియాలిటీ షాక్' అన్నారు. కాబట్టి ఈ టెన్షన్ మీ ఒక్కరిదే అనుకోకండి.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో నెల, నైట్ డ్యూటీ. కడుపు ఆపరేషన్ అయి మూడు రోజులైన పెద్దావిడ. బీపీ బాగానే ఉంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. చార్టులో శ్వాస నిమిషానికి 20 అని రాసేశాను. లెక్కపెట్టలేదు. పై గడిలో 20 ఉంది, దాని పై గడిలోనూ 20 ఉంది. తెల్లవారుజామున ఇన్‌చార్జ్ సిస్టర్ వచ్చి, మంచం పక్కన నిలబడి, వాచీ చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. 32. ఇన్ఫెక్షన్ ఒంటినిండా పాకుతోంది, సెప్సిస్ అంటే అదే. ఐసీయూకి మార్చారు, బతికింది. సిస్టర్ నన్ను తిట్టలేదు. "బీపీ తర్వాత పడిపోతుందమ్మా, ముందు ఊపిరే చెబుతుంది" అంది.

ఇది నేను పరీక్షలో రాసిన జవాబే! మార్కులు కూడా వేశారు.

పాట్రీషియా బెన్నర్ అనే అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు 1984లో రాసిన పుస్తకంలో నర్సు ఎదుగుదలకు ఐదు మెట్లు చెప్పారు. పైలట్ల మీద, చదరంగం ఆటగాళ్ల మీద డ్రైఫస్ సోదరులు అనే ఇద్దరు ప్రొఫెసర్లు చేసిన పరిశీలన దానికి ఆధారం. ఒకే రకం పేషెంట్ల మధ్య రెండు మూడేళ్లు పనిచేస్తే మూడో మెట్టు ఎక్కుతారట. అనుభవమున్న నర్సైనా, ఎరగని వార్డుకు వెళితే మళ్లీ మొదటి మెట్టే. మేనేజ్‌మెంట్ వాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ఈ కొత్త నర్సు పిల్లల్ని నెలకో వార్డు తిప్పితే అన్నీ వస్తాయని ఎవరు చెప్పారండీ? కనీసం ఏడాది ఒకేచోట ఉంచండి. అదే షిఫ్టులో ఒక సీనియర్‌ని జతచేయండి. నాకు ఆ సిస్టర్ దొరికింది, అందరికీ దొరకరు.

డాక్టరుకు ఫోన్ చేయడం కూడా నేర్చుకోవాల్సిందే. "సార్, పేషెంట్ బాలేదు" అంటే నిద్రలో ఉన్న మనిషికి ఏం అర్థమవుతుంది? "ఆరో బెడ్, కడుపు ఆపరేషన్ అయి మూడో రోజు, శ్వాస 32, సెప్సిస్ అనిపిస్తోంది, వెంటనే రండి" అనాలి. ఇప్పుడున్న పరిస్థితి, వెనకటి సంగతి, మన అంచనా, ఏం చేయాలి: ఈ వరసకే ఎస్‌బార్ (SBAR) అని పేరు, అమెరికా నేవీ నుంచి ఆసుపత్రులకు వచ్చింది. 'అనిపిస్తోంది' అనడానికి నాకు చాలా కాలం నోరు రాలేదు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. మెదక్ నుంచి వచ్చినాయన "దమ్మొస్తుంది" అంటాడు, గుంటూరు ఆవిడ "ఆయాసం" అంటుంది, పాతబస్తీ పెద్దాయన "సాంస్ ఫూల్ రహీ" అంటాడు. మూడూ ఒకటే కంప్లైంట్. ఏ మాట విన్నా వెంటనే లెక్కపెట్టండి.

సెకన్ల ముల్లున్న వాచీ ఎవరికి లేదు? చేతులెత్తండి. ఇంతమందా! సాయంత్రం కోఠీ వెళ్లి కొనుక్కోండి, డ్యూటీ రేపు పొద్దున్నే.